పగలు పడిపోయి, రాత్రి లేచే లింకు: ఒక మైక్రోవేవ్ హాప్‌తో నా అనుభవం

2015 మే నెలలో కోస్తా అంతటా వడగాడ్పులు వీస్తున్న రోజులవి. అప్పట్లో నేను ఒక టెలికాం సంస్థలో ప్రకాశం జిల్లా ట్రాన్స్‌మిషన్ పనులు చూసేవాణ్ణి. ఒంగోలు పక్కనున్న మా హబ్ టవర్ నుంచి సముద్రతీరాన ఉన్న ఒక గ్రామపు టవర్‌కు సరిగ్గా 18 కిలోమీటర్ల మైక్రోవేవ్ లింకు, అంటే రెండు డిష్‌ల మధ్య గాలిలో రేడియో సిగ్నల్ నడిచే దారి (మా భాషలో హాప్), ఒకటి ఉండేది. ఆ ఊరికే కాక, దాని వెనకనున్న మరో మూడు టవర్లకు కూడా అదొక్కటే దారి కావడంతో, అది పడిపోతే తీరం వెంబడి నాలుగు సైట్ల పరిధిలోని ఊళ్లలో ఒక్క ఫోను కూడా మోగేది కాదు. వేటకు వెళ్లినవాళ్లు ఒడ్డుకు చేరగానే ఇంటికి ఫోను చేసుకునే ఊళ్లు అవి. అందుకే ఆ లింకు విషయం నాకు ఉద్యోగపు లెక్కలకు మించినదిగా ఉండేది.

లింకు స్వరూపం ముందు చెబుతాను. ఫ్రీక్వెన్సీ 15 గిగాహెర్ట్జ్. హబ్ వైపు 36 మీటర్ల ఎత్తున నాలుగడుగుల డిష్, ఊరి వైపు 20 మీటర్ల ఎత్తున రెండడుగుల డిష్. డిష్ వెనక బిగించిన రేడియో పెట్టెను ఓడీయూ అని, కింద గదిలో ఉండే పెట్టెను ఐడీయూ అని అంటాం. ఈ రెంటినీ కలిపే ఒకే కేబుల్ మీద సిగ్నలూ, పైపెట్టెకు కావలసిన మైనస్ 48 వోల్టుల కరెంటూ కలిసి ప్రయాణిస్తాయి. 18 కిలోమీటర్ల దూరానికి 15 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలో కలిగే నష్టం 141 డెసిబెల్స్ (డెసిబెల్ అంటే సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత). సిగ్నల్‌ను ఒకే వైపుకు కూడగట్టడం వల్ల రెండు డిష్‌లు ఇచ్చే లాభం, అంటే గెయిన్, కలిపి సుమారు 79, ట్రాన్స్‌మిటర్ పవర్ 20 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత; మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమని అర్థం). చిన్నాచితకా నష్టాలు కూడా తీసేస్తే అవతలి చివర మైనస్ 43 డీబీఎం ప్రాంతంలో సిగ్నల్ రావాలి. 2012 మొదట్లో లింకు ఎక్కించిన రోజు రిపోర్టులో మైనస్ 44 అని ఉంది. ఆ రేడియో మైనస్ 67 దాకా తట్టుకుంటుంది కనుక, సిగ్నల్ తగ్గినా తట్టుకునే వెసులుబాటు, అంటే ఫేడ్ మార్జిన్, 23 డెసిబెల్స్ చేతిలో ఉన్నట్టే.

మే మూడో వారం నుంచి మధ్యాహ్నాలు ఆ లింకు తడబడడం మొదలైంది. పదకొండు గంటలకల్లా రిసీవ్ లెవెల్, అంటే అందే సిగ్నల్ బలం, మైనస్ 54కు దిగేది. రెండు గంటలకు మైనస్ 57 దగ్గర ఊగుతూ, ఒక్కోసారి మైనస్ 66, 67ను తాకి, తీవ్ర దోష సెకన్లు (డేటా బాగా తప్పులతో వచ్చే సెకన్లు) వరసగా పది దాటడంతో ఆ వ్యవధి లెక్కల్లో సేవ అందని కాలంగా నమోదయ్యేది. సాయంత్రం చల్లబడ్డాక ఎవరూ ముట్టుకోకుండానే లింకు తేరుకునేది. రాత్రంతా మైనస్ 45 దగ్గర కదలకుండా ఉండేది.

ఆ ఎండలు చూసినవారెవరికైనా ముందుగా తట్టేది ఒకటే: ఓడీయూ కాగిపోతోంది. మాకూ అదే తట్టింది. మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఓడీయూ లోపలి ఉష్ణోగ్రత 68 డిగ్రీలు చూపిస్తుంటే ఇక వేరే ఆలోచన ఎందుకు వస్తుంది? ఆ ఎండలో మధ్యాహ్నం మనిషిని టవర్ ఎక్కించడం ప్రాణాలతో చెలగాటమే కనుక, మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు రిగ్గర్‌తో (టవర్ ఎక్కి పనిచేసే మనిషితో) కలిసి సైటుకు వెళ్లి ఊరి వైపు ఓడీయూ మార్చాం. మార్చగానే లెవెల్ మైనస్ 45 వచ్చింది. ఎన్‌ఓసీకి (నెట్‌వర్క్‌ను గమనిస్తూ ఉండే కేంద్రానికి) ఫోను చేసి, పని అయిందని చెప్పి, ఫిర్యాదు టికెట్ మూయించి వెనుదిరిగాం. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ అదే అలారం వచ్చింది.

ఆ తరువాత చేసిన పనులన్నింటిలోనూ ఇదే పొరపాటు దాగి ఉంది. దాన్ని గుర్తించడానికి నాకు పది రోజులు పట్టింది. ఎండకు భయపడి మేము ఎప్పుడూ తెల్లవారుజామునే టవర్ ఎక్కేవాళ్లం. ఆ వేళ లింకు ఎలాగూ బాగానే ఉంటుంది కనుక ఏది మార్చినా బాగుపడినట్టే కనిపించేది. ఓడీయూ మార్చినప్పుడు బాగుపడింది. కేబుల్ కనెక్టర్లు మార్చినప్పుడూ బాగుపడింది. డిష్ కాస్త కదిపి మళ్లీ బిగించినప్పుడు కూడా ఒక డెసిబెల్ ఎక్కువే వచ్చింది. ప్రతి రోజూ ఉదయం ఏడు గంటలకు మేము గెలిచినవాళ్లమే, మధ్యాహ్నానికి మళ్లీ మొదటికొచ్చేవాళ్లం.

కనెక్టర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నిజంగానే ఒక లోపం దొరికింది. ఊరి వైపు ఓడీయూ దగ్గరి ఎన్-టైప్ కనెక్టర్ మీది టేపు విప్పి చూస్తే, లోపలి రాగి తీగ చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలి తగిలే తీరంలో ఇది మామూలే. ముందు సాగే రబ్బరు టేపును ఒక పొరగా బిగుతుగా చుట్టి, దాని మీద పీవీసీ టేపును కింది నుంచి పైకి, ఇంటికి పెంకులు పేర్చినట్టు ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా చుట్టకపోతే, వాన నీరు సన్నగా లోపలికి దిగుతుంది. ఆ కనెక్టర్‌ను కోసేసి కొత్తది వేశాం. వెయ్యాల్సిందే. కాని మా అసలు రోగానికి అది కారణం కాదని అప్పుడే గ్రహించి ఉండవలసింది. రిసీవ్ లెవెల్‌ను కొలిచేది పైనున్న ఓడీయూయే. ఆ సంఖ్య కింది గదికి సమాచార రూపంలో వస్తుంది. కేబుల్‌లో తడి చేరితే ఐడీయూకు, ఓడీయూకు మధ్య మాట తెగవచ్చు, దోషాలు రావచ్చు, అంతేగాని గాలిలో నుంచి డిష్ మీద పడే సిగ్నల్ పన్నెండు డెసిబెల్స్ తగ్గినట్టు కనిపించదు.

మధ్యలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు, లింకు ఎలాగూ పడి ఉన్న సమయం చూసుకుని, ఇంటర్‌ఫియరెన్స్ ఉందేమోనని పరీక్షించాను. ఊరి వైపు ట్రాన్స్‌మిటర్‌ను ఐదు నిమిషాలు మ్యూట్ చేసి, హబ్ వైపు రిసీవర్ ఏం చూపిస్తుందో చూడాలి. వేరే ఎవరి సిగ్నలైనా అదే ఫ్రీక్వెన్సీ మీద వచ్చి పడుతుంటే లెవెల్ మైనస్ 70లోనో 80లోనో ఆగిపోతుంది. మాది మైనస్ 93కు పడి అక్కడే నిలిచింది. బయటి సిగ్నల్ ఏదీ లేదు. ఆ రోజు చేసిన పనుల్లో నిజంగా ఏదైనా తేల్చింది ఈ పరీక్ష ఒక్కటే.

ఆ రాత్రి ఆఫీసులోనే కూర్చుని, రెండు చివరల నుంచీ ఏడు రోజుల రికార్డు దించుకున్నాను. ఆ రేడియోలు ప్రతి పదిహేను నిమిషాలకు అత్యల్ప, అత్యధిక లెవెళ్లను దాచుకుంటాయి. వాటిని ఎక్సెల్‌లో పోసి, కింద గంటలు, పైకి లెవెల్ పెట్టి గీత గీయించాను. తెరమీద ఏడు రోజుల గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నున్నటి గట్టు. ఎనిమిది దాటాక మెల్లగా వాలు. రెండు నుంచి ఐదు దాకా లోతైన గుంట. సంధ్య తరువాత మళ్లీ పైకి ఎక్కుడు. హబ్ వైపు గీతను దీని మీద పెట్టి చూస్తే రెంటికీ మధ్య అర డెసిబెల్ తేడా కూడా లేదు. ఇక్కడ మైనస్ 57 అయితే అక్కడా మైనస్ 57.

ఈ ఒక్క పోలికను మొదటి రోజే చూసి ఉంటే ఓడీయూ జోలికే వెళ్లేవాళ్లం కాదు. ఊరి వైపు రిసీవర్ చెడితే ఊరి వైపు లెవెల్ మాత్రమే పడాలి. ఊరి వైపు ట్రాన్స్‌మిటర్ బలహీనపడితే హబ్ వైపు లెవెల్ మాత్రమే పడాలి. రెండు వైపులా ఒకే నిమిషంలో, ఒకే కొలతలో పడుతున్నాయంటే, రెండు దిశల సిగ్నలూ ఉమ్మడిగా వాడుకునేది ఏదో దెబ్బతిన్నట్టు. అవి డిష్‌లు కావాలి, లేదా మధ్యనున్న దారి కావాలి. డిష్‌లు గడియారం చూసుకుని పక్కకు తిరగవు. ఎండకు ఇనుము సాగి కాస్త వంగిందనుకున్నా, రెండడుగుల డిష్ కిరణం వెడల్పు ఈ ఫ్రీక్వెన్సీలో రెండు డిగ్రీలకు పైనే. దాన్ని పన్నెండు డెసిబెల్స్ పడగొట్టాలంటే టవర్ కంటికి కనిపించేంతగా ఒరగాలి. కాబట్టి మిగిలింది దారే.

కాని దారిలో లోపమైతే అది రాత్రి రావాలి కదా? నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. మన తీరప్రాంతంలో మైక్రోవేవ్ పని చేసినవారందరికీ తెలిసిన విషయమే: గాలి కదలని నిర్మలమైన రాత్రుల్లో నేల చల్లబడి, దాని మీది గాలి పొరలు పొరలుగా పేరుకుని, సిగ్నల్ ఒకటికి రెండు దారుల్లో వచ్చి తనను తానే చెరిపేసుకుంటుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య లింకులు ఊగడం, ఎండెక్కి గాలి కలగలిసిపోగానే సర్దుకోవడం ఏటా చూసే సంగతే. మా లింకు దీనికి పూర్తిగా తిరగబడి నడుస్తోంది.

మర్నాడు నాకు పని నేర్పిన ఒక పెద్ద ఇంజనీరుకు ఫోను చేశాను. ఆయన అప్పటికే ఉద్యోగ విరమణ చేశారు. గీతల సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి, ‘‘రాత్రి బాగుండి పగలు చెడుతోందంటే, పగలు నేల పైకి లేస్తోందని అర్థం అబ్బాయ్. యంత్రాలను వదిలిపెట్టి, దారి మధ్యలో ఏముందో వెళ్లి చూడు’’ అన్నారు.

ఆయన మాటలోని లెక్క ఇది. గాలి సాంద్రత ఎత్తుతో పాటు తగ్గుతుంది కనుక రేడియో కిరణం తిన్నగా పోక, భూమి వైపు కొద్దిగా వంగుతూ పోతుంది. లెక్కల్లో కిరణాన్ని తిన్నటి గీతగా ఉంచి, బదులుగా భూమి వంపును తగ్గించి గీస్తాం. ఆ తగ్గింపుకు కొలత కె-ఫ్యాక్టర్, మామూలు విలువ 4/3. గాలి బాగా కలిసిపోయిన ఎండవేళ ఆ విలువ ఇంచుమించు అక్కడే ఉంటుంది. రాత్రి నేల చల్లబడ్డాక కిరణం ఇంకా ఎక్కువ వంగుతుంది, కె పెరుగుతుంది, అంటే భూమి చదునైనట్టు లెక్క. దారిలో అడ్డేమీ లేని లింకుకు ఈ మార్పుతో ఒరిగేదేమీ ఉండదు. కాని కిరణం ఏదైనా అడ్డు అంచును రాసుకుంటూ పోతుంటే, రాత్రి ఆ అడ్డు కిందికి దిగి దారి ఇస్తుంది, పగలు పైకి లేచి కప్పేస్తుంది.

2011 నవంబరులో చేసిన ఎల్‌ఓఎస్ సర్వే (రెండు టవర్ల మధ్య అడ్డేమైనా ఉందా అని చూసే సర్వే) కాగితాలు తీసి చూశాను. ఊరి టవర్ నుంచి 5 కిలోమీటర్ల దూరంలో పాత ఇసుక దిబ్బ ఒకటి సముద్రమట్టానికి 10 మీటర్ల ఎత్తున ఉంది. దాని పక్కన ‘ఖాళీ ఇసుక నేల, చిన్న మొక్కలు’ అని రాసి ఉంది. ఏ మొక్కలో రాయలేదు.

మర్నాడు జీపీఎస్ పట్టుకుని, బండి మీద ఆ చోటికి వెళ్లాను. దిబ్బ పొడవునా సరుగుడు తోట. ఒకటీ రెండూ కాదు, లింకు గీతకు అడ్డంగా రెండు వందల మీటర్లకు పైగా, చీకటి కమ్మినంత దట్టంగా ఉంది. కింద నిలబడితే సముద్రపు గాలికి తలలన్నీ ఒకేసారి పడమటికి వంగి, మళ్లీ లేచి, చెవులు నిండిపోయేలా హోరు పెడుతున్నాయి. మధ్యాహ్నపు గీతలో అత్యల్పానికీ అత్యధికానికీ మధ్య తొమ్మిది డెసిబెల్స్ ఊగిసలాట ఎందుకుందో అక్కడ నిలబడిన నిమిషంలోనే అర్థమైంది. రాత్రి గాలి పడిపోయాక ఆ తేడా ఒక డెసిబెల్ కూడా ఉండేది కాదు.

తోట యజమాని గట్టు మీద వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ‘‘పెద్దాయనా, ఈ తోట ఎప్పుడు వేశారు?’’ అని అడిగాను. ‘‘నాలుగేళ్లయింది నాయనా, వానలకి నాటినాం. ఈ సంక్రాంతి దాటినాక కొట్టిస్తా. ఇప్పుడు కొడితే గుంజలకే గాని వాసాలకి రాదు’’ అన్నాడు. సర్వే చేసిన నవంబరు నాటికి అవి మోకాలెత్తు మొక్కలు. ఆయన తన పొలంలో తన పంట వేసుకున్నాడు, ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు. చెట్ల తలలు నరికించమని పైనుంచి ఒకరు సలహా ఇచ్చారు కాని, వాసానికి ఎదుగుతున్న చెట్టును మధ్యలో నరకమని ఒక రైతును అడగడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ సలహాను నేను అక్కడితోనే ఆపేశాను.

చెట్టు ఎత్తు కొలవడానికి నీడనే వాడుకున్నాను. మూడు గంటల వేళ ఒక మీటరు కర్రను ఇసుకలో నిలువుగా గుచ్చితే దాని నీడ 80 సెంటీమీటర్లు వచ్చింది. తోట అంచునున్న చెట్టు నీడ బోసి ఇసుక మీద పడుతోంది. టేపుతో కొలిస్తే 13.6 మీటర్లు. అంటే చెట్టు ఎత్తు 17 మీటర్లు. ఇక లెక్క తేలిపోయింది. ఆ చోట మా కిరణం గీత ఎత్తు సముద్రమట్టం నుంచి 30.7 మీటర్లు, 4/3 దగ్గర భూమి వంపు 3.8, దిబ్బ ఎత్తు 10 తీసేస్తే మిగిలేది 16.9 మీటర్లు. చెట్టు తల సరిగ్గా కిరణం నడుముకు తగులుతోంది. రేడియో కిరణం దారం లాంటిది కాదు. దాని చుట్టూ ఫ్రెనెల్ జోన్ అనే కోలాకారపు ఖాళీ కావాలి. ఆ చోట దాని వ్యాసార్ధం 8.5 మీటర్లు, అందులో కనీసం అరవై శాతం, అంటే 5.1 మీటర్లు తెరిపిగా ఉండాలి. మాకు సున్నా. రాత్రి కె బాగా పెరిగితే ఆ 3.8 మీటర్ల వంపు దాదాపు మాయమవుతుంది. అందుకే లింకు తేరుకుంటోంది.

లెక్క ఎంత కుదిరినా కంటితో చూడకుండా టవర్ మీద డిష్ కదపడం నాకు ఇష్టం లేదు. ముందురోజు చిన్న జల్లు పడి ఆకాశం కడిగినట్టు ఉన్న ఒక ఉదయం, ఎనిమిది గంటలకు, మా కుర్రవాడు హబ్ టవర్ మీద 36 మీటర్ల దగ్గర ముఖం చూసుకునే అద్దంతో నిలబడ్డాడు. తూర్పున ఎక్కుతున్న సూర్యుణ్ణి అద్దంలో పట్టి మా వైపు తిప్పాలి. నేను బెల్టు వేసుకుని ఊరి టవర్ ఎక్కి, 20 మీటర్ల దగ్గర డిష్ పక్కనే కూర్చుని, దుర్భిణి పట్టుకుని చూశాను. మొదట ఏమీ లేదు. ఫోనులో ‘‘కొంచెం ఎడమకి, ఇంకొంచెం’’ అంటుండగా, సరుగుడు తలల వరసలో ఒక చోట సూది మొనంత మెరుపు కనిపించి, చెట్టు కదలగానే ఆరిపోయి, మళ్లీ వెలిగింది. ఆ మెరుపు ఆరి వెలుగుతున్న తీరును చూస్తుంటే మా అలారాల చిట్టా కళ్లెదుట నడుస్తున్నట్టే ఉంది. 25 మీటర్లకు ఎక్కితే మెరుపు చెట్ల తలల పైకి వచ్చింది. 30 మీటర్ల దగ్గర దానికీ చెట్లకూ మధ్య ఆకాశం స్పష్టంగా కనబడింది.

పరిష్కారం దగ్గర కూడా ఒక చర్చ జరిగింది. హబ్ టవర్ మీద పైన ఖాళీ ఉంది కనుక అక్కడి డిష్‌ను 42 మీటర్లకు ఎత్తితే సరిపోతుందని ప్రణాళిక విభాగం వారు అన్నారు. ఆరు మీటర్లు ఎత్తితే ఆరు మీటర్లూ దిబ్బ దగ్గర దక్కవు. దిబ్బ హబ్ నుంచి 13 కిలోమీటర్ల దూరాన, ఊరి నుంచి 5 కిలోమీటర్ల దూరాన ఉంది. హబ్ దగ్గర ఒక మీటరు ఎత్తితే దిబ్బ దగ్గర 28 సెంటీమీటర్లే పెరుగుతుంది, ఊరి దగ్గర ఎత్తితే 72 పెరుగుతుంది. అడ్డు ఏ చివరకు దగ్గరగా ఉంటే ఆ చివర ఎత్తాలి. ఊరి టవర్ మీద 30 మీటర్ల చోట 2012లో వేరే డిష్ ఉండడం వల్లనే మాది 20 దగ్గర కట్టారు. ఆ పాత డిష్‌ను దించేసి ఏడాది దాటింది, చోటు ఖాళీగానే ఉంది. పది మీటర్లు ఎత్తితే దిబ్బ దగ్గర 7.2 మీటర్లు వస్తాయి, కావలసిన 5.1 పోగా, చెట్లు ఇంకో రెండు మీటర్లు ఎదిగినా ఇబ్బంది లేదు. మూడు రోజుల్లో అనుమతి వచ్చింది.

ఈసారి డిష్ ఎక్కించే పనిని ఉదయం మొదలుపెట్టినా, అలైన్‌మెంట్‌ను, అంటే డిష్‌ను అవతలి టవర్‌కు గురిచూసి బిగించడాన్ని, మాత్రం కావాలనే సాయంత్రం నాలుగు గంటలకు పెట్టుకున్నాం. రోజులో లింకు అతి హీనంగా ఉండే వేళ అది. అప్పటికి ఎండలు కొంత తగ్గడం మా అదృష్టం. రిగ్గర్ ఓడీయూ మీది ఏజీసీ పోర్టుకు మల్టీమీటర్ తగిలించాడు; ఆ రేడియోలో సిగ్నల్ పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. ఎడమ నుంచి కుడికి నట్టు మెల్లగా తిప్పుతూ పోతే, వోల్టేజీ కాస్త లేచి పడింది, తరువాత బాగా లేచి పడింది, మళ్లీ కాస్త లేచి పడింది. పక్కవి రెండూ సైడ్ లోబ్‌లు, అంటే అసలు కిరణానికి పక్కన ఉండే బలహీనమైన కిరణాలు. మొదటి శిఖరం దగ్గరే బిగించేసి, ఇరవై డెసిబెల్స్ పోగొట్టుకుని, ఏళ్ల తరబడి అలాగే నడిచిన లింకులు నేను చూశాను. అందుకే మూడు శిఖరాలూ దాటించి, వెనక్కి వచ్చి, నడిమి దాని మీద నిలిపించాను. పైకీ కిందికీ కూడా అదే విధంగా చేయించాక, ‘‘సార్, ఇంక పెరగట్లేదు’’ అన్నాడు పైనుంచి. కింద ల్యాప్‌టాప్ మీద మైనస్ 43.5 ఉంది. హబ్ వైపు మైనస్ 44.

మధ్యాహ్నాలు ఆ తరువాత వారం రోజులు నేను గీతను చూస్తూనే ఉన్నాను. గుంట పూడిపోయింది. పగటికీ రాత్రికీ మధ్య తేడా ఒకటి రెండు డెసిబెల్స్ మించలేదు. తెల్లవారుజామున మూడున్నరకు ఒకసారి ఐదారు డెసిబెల్స్ ఊగి, ఎండ రాగానే సర్దుకుంది. ఆ తీరంలో మిగతా లింకులన్నీ ఊగే వేళే అది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అటు వెళ్లినప్పుడు తోట కొట్టేసి ఉంది. దిబ్బ మీద మొద్దుల మధ్య గుంటలు తీసి ఉన్నాయి, వానలకు మళ్లీ సరుగుడే నాటుతామని పెద్దాయన చెప్పాడు. సైటు రిజిస్టరులో ఆ లింకు పేజీకి ఒక కాగితం అతికించి, దిబ్బ దూరం, నాటబోయే నెల, చెట్టు 19 మీటర్లు దాటకూడదన్న హద్దు రాసి, ప్రతి వేసవికి ముందు వెళ్లి నీడ కొలిచి రాయడానికి కింద ఐదు ఖాళీ గీతలు గీశాను.